హోల్డాన్ తాత సరస్సు సర్వీసు

ఆయన్ని అందరూ హోల్డాన్ తాత అంటారు. ముప్పై ఏళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు గానీ, ఎక్కడ నలుగురు కదిలినా అది బస్సే అనుకుంటాడు. మెడలో విజిల్ ఇంకా వేలాడుతూనే ఉంటుంది. జనం రెండడుగులు వేసేసరికి దాన్ని ఒకసారి ఊది "హోల్డాన్!" అని అరుస్తాడు. ఎందుకు ఆపారని అడిగితే బూటులో రాయి పడిందనో, కళ్ళజోడు తుడుచుకోవాలనో చెబుతాడు. ఆ పని తీరిగ్గా ముగించి, రెండుసార్లు ఊది, "రైట్ రైట్" అన్నాకే ఎవరైనా కదలాలి.

ఇంటిల్లిపాదీ సినిమాకి బయల్దేరితే లిఫ్టు తలుపుకి చెయ్యి అడ్డం పెట్టి హోల్డాన్ అంటాడు. పై అంతస్తుల వాళ్ళు విసిగిపోయి మెట్లు దిగి వెళ్ళి, ఊరంతా తిరిగి, మళ్ళీ ఇంటికొచ్చినా ఆ లిఫ్టు ఇంకా అక్కడే ఉంటుందని చెప్పుకుంటారు. బస్సు ఆలస్యంగా నడిపినందుకు డిపోవాళ్ళు ఆయనకి ముప్పై ఏడు మెమోలిచ్చారు. వాటిని ఫైలుగా కుట్టి, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆల్బం చూపించినట్టు చూపిస్తాడు.

అసలు ఆల్బం మాటెత్తితే కూతురికి ఒళ్ళు మండుతుంది. ఆమె పెళ్ళిలో ఫొటోగ్రాఫరు అందరినీ నిలబెట్టి, ఒకటీ రెండూ అని లెక్కపెట్టి, మూడు అనబోతుండగా "హోల్డాన్!" అని కేక వినిపించింది. ఫొటోలో పెళ్ళికొడుకుతో సహా నలభైమంది నోళ్ళు తెరిచి, కెమెరా వంక కాకుండా పక్కకి చూస్తూ ఉంటారు. చివర్లో అత్తగారి తరఫు ముసలి పిన్ని ఒక్కతే కెమెరా చూసి హాయిగా నవ్వుతూ ఉంటుంది. ఆ ఫొటో ఎవరికీ చూపించలేక కూతురు దాన్ని బీరువా అడుగున పడేసింది.

ఆ కూతురే ఇప్పుడు ఒక చిన్నపిల్లల బడికి హెడ్‌మిస్ట్రెస్. చేరి నెల రోజులైంది. ఆవిడకి ముందు ఆ కుర్చీలో ఇరవై ఎనిమిదేళ్ళు కూర్చున్నావిడని అందరూ పెద్ద మేడమ్ అంటారు. ఇప్పటి తల్లిదండ్రుల్లో సగంమంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే. కొత్త మేడమ్ బెల్లు మార్చినా, బల్ల జరిపినా "పెద్ద మేడమ్ ఉన్నప్పుడు ఇలా ఉండేది కాదే" అంటారు. వాళ్ళ నోళ్ళు మూయించాలని ఊరిచివర అభయారణ్యంలో, సరస్సు చుట్టూ పిల్లలతో తల్లిదండ్రులతో కలిసి ఒక నడక పెట్టింది. ఐదు కిలోమీటర్లు, చదునైన దారి, పదకొండున్నరకల్లా గేటు దగ్గరికి వచ్చేయాలి. పెద్ద మేడమ్‌ని కూడా పిలిచింది. ఈ ఒక్క పూట మాట పడకుండా గట్టెక్కితే చాలనుకుంది.

"నాన్నా, ఇది పేరెంట్స్ కోసం. నువ్వు ఇంట్లోనే ఉండు."

"నేను పేరెంటుని కానా తల్లీ?" అని ఆయన అప్పటికే బూట్లు తొడుక్కుంటున్నాడు.

గేటు దగ్గర గార్డు ఇరవై ఆరుగురు అని పుస్తకంలో రాసుకున్నాడు. "ఇరవై ఆరూ వెళ్తున్నారు, ఇరవై ఆరూ రావాలి. పక్షులు గుడ్ల మీదున్నాయి, విజిళ్ళూ గిజిళ్ళూ వద్దు" అన్నాడు తాత మెడ వంక చూస్తూ. కూతురికి బయల్దేరకముందే తలకొట్టేసినట్టయింది.

ముందు నడిచేది పళ్ళ డాక్టరు. ఇద్దరు పిల్లల తండ్రి, అడుగులు లెక్కపెట్టే గడియారం కట్టుకున్న మనిషి. ఆయన పక్కనే కూతురు నడుస్తోంది. పెద్ద మేడమ్ వెనకవాళ్ళతో ఉంది, తాత అందరికంటే వెనక ఉన్నాడు. మొదటి మలుపు తిరిగారో లేదో వెనకనుంచి వినిపించింది.

"హోల్డాన్! వంకర చెట్టు స్టేజీ! దిగేవాళ్ళు దిగండి, ఎక్కేవాళ్ళు ఎక్కండి!"

పిల్లలు కేరింతలు కొట్టారు. పెద్దవాళ్ళు ఆగారు. తాత బండమీద కూర్చుని బూటు విప్పి, తిప్పి, దులిపి, లోపలికి తొంగిచూసి మళ్ళీ తొడుక్కున్నాడు. నాలుగు నిమిషాలయింది. మూడొందల అడుగుల తర్వాత బాతుల స్టేజీ వచ్చింది, మళ్ళీ బూటులో రాయి. తర్వాత విరిగిన బెంచీ స్టేజీ వచ్చింది. అక్కడ రెండో బూటు.

"తాతగారూ, మీ బూటులో రాళ్ళ క్వారీ ఏమన్నా ఉందా?" అన్నాడు పళ్ళ డాక్టరు.

అందరూ నవ్వారు. కూతురు కూడా నవ్వినట్టు పెదాలు సాగదీసింది గానీ, ఆ సరస్సులో దూకి ఆవలి ఒడ్డున తేలితే బాగుండుననిపించింది. "ఈ లెక్కన పదకొండున్నరకి సగం దారి కూడా కాదు. పెద్ద మేడమ్ ఉన్నప్పుడు పిక్నిక్కులు గడియారంలా నడిచేవి" అన్నారెవరో.

తర్వాత తాత దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు. దువ్వడానికి అక్కడ పట్టుమని పది వెంట్రుకలు లేవు. ఆ పదింటికీ పాపిడి తీయడానికి ఐదు నిమిషాలు పట్టింది.

అసలు ప్రళయం చెక్కవంతెన మీద వచ్చింది. అందరూ వంతెన మధ్యకి చేరేసరికి తాత గార్డు మాట మరిచిపోయి, అలవాటుగా విజిల్ నోట్లో పెట్టి బలంగా ఊదాడు. రెల్లుపొదల్లోంచి బాతులన్నీ ఒక్కసారి లేచాయి. దూరంగా మంచె మీదున్న ఇంకో గార్డు చేతులూపుతూ తిట్లు లంకించుకున్నాడు. కూతురు గబగబా వెనక్కి వెళ్ళి ఆయన మెడలోంచి విజిల్ లాగేసుకుంది.

"ఇది బస్సు కాదు నాన్నా! నువ్వు కండక్టరువీ కావు! చిన్నప్పట్నుంచీ నీ మూలాన నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నాను. ఈ ఒక్క రోజైనా నన్ను వదిలెయ్యి!"

తాత ఖాళీ అయిన మెడ తడుముకున్నాడు.

"సరే తల్లీ. బండి నువ్వే నడుపు" అన్నాడు.

ఆ తర్వాత బండి పరిగెత్తింది. స్టేజీలు లేవు, రాళ్ళు లేవు, దువ్వెన లేదు. పళ్ళ డాక్టరు గడియారం చూసి మురిసిపోయాడు. సరిగ్గా పదకొండూ ఇరవై ఐదుకి గేటు దగ్గరికొచ్చారు. కూతురు గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

గార్డు వేలుతో లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. "ఇరవై నాలుగు. మిగతా ఇద్దరేరీ?"

ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. తాత లేడు. పెద్ద మేడమ్ లేదు. వంతెన దాటాక ఒక్కళ్ళూ వెనక్కి తిరిగి చూడలేదు, నడిపించిన కూతురు అసలే చూడలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు అందరూ నెత్తిన పెట్టుకున్న మనిషి ఎక్కడ ఆగిపోయిందో ఎవరికీ తెలియదు. "ఇరవై ఆరూ వస్తే గానీ పుస్తకం మూయను" అన్నాడు గార్డు. కూతురు వచ్చిన దారినే పరుగందుకుంది.

వంతెనకి కాస్త ఇవతల బెంచీ మీద ఇద్దరూ కూర్చుని ఉన్నారు. పెద్ద మేడమ్ మోకాలు రుద్దుకుంటూ నవ్వుతోంది. తాత బూటు బోర్లించి చూపిస్తున్నాడు.

"చూడండి మేడమ్, ఒక్క రాయీ లేదు. పొద్దున్నుంచీ అంతా నటనే."

కూతురు ఉన్నచోటనే నిలబడిపోయింది.

"రామ్మా" అంది పెద్ద మేడమ్. "నా మోకాళ్ళు అరిగిపోయాయి. ఎవరికీ చెప్పలేదు. ఆ పళ్ళ డాక్టరుకి తెలిస్తే భుజాన వేసుకు మోస్తానంటాడు. ఎక్కాలు రాక గోడకుర్చీ వేసిన వెధవ, వాడి భుజమెక్కనా నేను? మొదటి మలుపులోనే మీ నాన్న కనిపెట్టేశాడు. దగ్గరికొచ్చి ఏమన్నాడో తెలుసా? 'మీరు నోరెత్తకండి మేడమ్, మెల్లగా రండి. ఆలస్యానికి తిట్లు తినడంలో నాకు ముప్పై ఏళ్ళ సర్వీసుంది' అన్నాడు."

కూతురికి బీరువా అడుగున ఉన్న ఫొటో కళ్ళముందుకొచ్చింది. చివర్లో నిలబడి నవ్వుతున్న ఆ ముసలి పిన్ని. ఆ రోజు ఆవిడ కర్ర పట్టుకుని మెట్లెక్కి వచ్చేసరికి అందరూ వరసలో నిలబడిపోయారు. ఆ ఒక్క కేక లేకపోతే ఆ ఫొటోలో ఆవిడ ఉండేదే కాదు. ఇన్నేళ్ళూ ఈ సంగతి తట్టనందుకు కూతురికి ఆయన వంక చూడడానికి మొహం చెల్లలేదు. పొద్దుట పడిన సిగ్గు దీని ముందు ఎందుకూ పనికిరాదు.

"నాతోనైనా చెప్పొచ్చుగా నాన్నా."

"ఆవిడ వద్దన్నారు. ప్యాసింజరు మాట కాదంటే ఎలా?"

"వంతెన మీద అలా మాట్లాడినందుకు నాకు ఒక మెమో ఇవ్వు."

"మెమోలు తీసుకోవడమే గానీ రాయడం నాకు రాదే అమ్మలూ" అన్నాడు తాత, బూటు తొడుక్కుంటూ.

ఆమె సంచిలోంచి విజిల్ తీసి ఆయన మెడలో వేసింది. "గేటు దాటేదాకా ఊదకు" అంది. అప్పుడే మలుపులోంచి పళ్ళ డాక్టరూ, వెనకాల మిగతావాళ్ళూ గాభరాగా వచ్చిపడ్డారు.

"ఏమైంది మేడమ్? ప్రాణాలు పోయాయనుకోండి! ఎందుకాగిపోయారు?"

పెద్ద మేడమ్ మోకాలి మీంచి చెయ్యి చటుక్కున తీసేసింది. తాత మళ్ళీ తన బూటు వైపు వంగబోయాడు. కూతురు ఆయన భుజం నొక్కి, తను పక్కనున్న బండ మీద కూర్చుని, అందరి ఎదుటా తన బూటు విప్పి బోర్లించింది. అందులోంచి ఏమీ పడలేదు.

"నా వల్లేనండీ. బూటులో రాయి. ఐదు నిమిషాలు హోల్డాన్!"

పళ్ళ డాక్టరు నోరు తెరిచాడు. "ఈ రాళ్ళ జబ్బు వంశంలోనే ఉందా మేడమ్?"

"ఉన్నట్టే ఉందండీ. నాకు ఇవాళే బయటపడింది" అందామె. చెవులదాకా ఎర్రబడిపోయింది గానీ బూటు మాత్రం తిప్పి తిప్పి, దులిపి దులిపి, లోపలికి తొంగిచూసి మరీ తీరిగ్గా తొడుక్కుంది.

పెద్ద మేడమ్ లేచి నిలబడింది. అప్పుడు అందరికంటే వెనకనుంచి, పక్షులు బెదరకుండా, మెల్లగా వినిపించింది.

"రైట్... రైట్."