ఫ్రిజ్‌లో పెట్టిన నెత్తురు

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను నార్కట్‌పల్లి దగ్గర ఒక దవాఖాన ల్యాబులో టెక్నీషియన్‌ని. హాలియా వైపు నుంచి ఒకామె ఆరేళ్ల కూతురిని తీసుకొచ్చింది. పిల్లకు ఒళ్లంతా సెగ్గడ్డలు, ఒకటి మానేలోపు ఇంకొకటి. ఒంట్లో చొరబడిన క్రిములను తెల్లకణాలు మింగుతున్నాయో లేదో చూడమని డాక్టర్ రాసిచ్చారు.

రొట్టెల్లో వాడే ఈస్టును ఉడికించి చంపి రక్తంలో కలుపుతాం. ఒంటివేడి ఉన్న నీళ్లలో అరగంట ఉంచి, గాజుపలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద వంద కణాల్లో ఎన్ని మింగాయో లెక్కపెడతాం. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంతోనూ అదే చేసి పోల్చాలి. రెండూ అప్పుడే తీసినవై ఉండాలి. కణం బతికుంటేనే కదా మింగేది!

ఆ రోజు తనిఖీకి ఎవరో వస్తున్నారని మా ల్యాబు పెద్ద, సార్, పాప రక్తాన్ని ఫ్రిజ్‌లో పెట్టించారు.

"రేపటికి పనికిరాదు సార్. మళ్ల తియ్యాలె" అన్నాను. తల ఊపారు.

మరునాడు నాకు సెలవు. తిరిగొచ్చి రిజిస్టరు చూస్తే ఒళ్లు మండిపోయింది. పాపది ఫ్రిజ్‌లో పెట్టిన ఆ పాత రక్తమే. దాన్ని సార్ అప్పటికప్పుడు తన చేతి నుంచి తీయించుకున్న రక్తంతో పోల్చారు. కణాలు మింగడం లేదని, పుట్టుకతో వచ్చిన లోపం కావచ్చని రిపోర్టు వెళ్లిపోయింది కూడా.

"పోయిన రిపోర్టును కెలకకు" అన్నారు సార్.

ఆ తల్లికి నేనే ఫోన్ చేశాను. ఏడుస్తూ ఎత్తింది. "మా అత్త నన్ను ఇంట్ల ఉండనిస్తలేదక్కా. నీ నెత్తురే ఖరాబు, గదే పిల్లకొచ్చింది అంటాంది."

మళ్లీ రక్తం తీసి చూస్తాను, పిల్లను తీసుకుని రమ్మన్నాను. మరునాడు పొద్దున్నే తల్లీకూతుళ్లిద్దరూ వచ్చారు. పాప చేతికి మళ్లీ సూది గుచ్చుతుంటే నా మీద నాకే కోపమొచ్చింది. సెలవు మీద పోయేముందు ఆ రక్తాన్ని పారబోయాల్సింది. పోల్చడానికి నా రక్తం తీసి పక్కన పెట్టాను. పాప కణాల నిండా ఈస్టు గింజలే! నావి ఎన్ని మింగాయో ఆ పిల్లవీ ఇంచుమించు అన్నే.

గాజుపలకలు సార్ ముందు పెట్టాను. చూశారు. "మంచిదే కదా, కొత్త రిపోర్టు ఇచ్చెయ్."

"పాతది తప్పని రాయాలె సార్."

"దవాఖాన పేరు పోతది."

"ఆమె కాపురం పోతాంది సార్!"

ఆయన కొత్త రిపోర్టు మీద సంతకం మాత్రం పెట్టి లేచిపోయారు. బయట ఆమె కాగితం పట్టుకుని, "మొదటిది తప్పని రాసియ్యక్కా, మా అత్త చదివించుకుంటది" అంది. సార్ సంతకం కింద "మొదటి రక్తం పాడైంది, ఆ రిపోర్టు చెల్లదు" అని రాసి నా సంతకం పెట్టాను. వారం తిరగకుండానే నాకు మెమో వచ్చింది. మైక్రోస్కోపు దగ్గర నుంచి తీసేసి రక్తం తీసే కౌంటర్లో కూర్చోబెట్టారు.

తర్వాత డాక్టర్ ఇంటిల్లిపాదికీ పరీక్షలు చేయిస్తే, గడ్డలు లేపే క్రిమి ముగ్గురి ముక్కుల్లో దొరికింది. అత్త ముక్కులో కూడా. అందరికీ మందిచ్చారు, పిల్లకు గడ్డలు ఆగాయి. ఆ మాట చెప్పడానికి ఆమె ఫోన్ చేసినప్పుడు, అత్త ఏమంటోందని అడిగాను.

"ఏమంటది, సప్పుడు చేస్తలేదు."

ఆ తల్లిని పిలిచి తప్పు జరిగిందని ఒక్క మాట చెప్పమని సార్‌ని అడిగాను. "అయిపోయింది కదా" అన్నారు. ఆయనతో మళ్లీ పనికి మించి ఒక్క ముక్క మాట్లాడలేదు.