బత్తాయి రసంతో వేసుకున్న గోలీ

పోచయ్యకు పాత పుస్తకాలు పడవు. ఉద్యోగమేమో వాటి మధ్యనే.

యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంట్ లైబ్రరీకి అతను కాంట్రాక్టు అటెండరు. అట్టల మీది దుమ్ము ముక్కులోకి పోయిందంటే తుమ్ములు వరస కట్టేవి, కళ్లు ఎర్రబడి కారేవి. పీజీ పిల్లలకు అదొక కాలక్షేపం. మొదటి తుమ్ముకే శ్రావణ్ అనే కుర్రాడు "ఒకటి" అనేవాడు. ఆపైన బల్లలన్నీ లెక్క అందుకునేవి. ఏం చెయ్యాలో తోచక పోచయ్య కూడా నవ్వేవాడు.

కొత్తగా ఇన్‌చార్జిగా వచ్చిన శ్రీనివాసరావు నవ్వలేదు.

"ఏమయ్యా, ఇది చదువుకునే చోటా, టపాసుల దుకాణమా? వచ్చే నెల తనిఖీ వాళ్లు వస్తున్నారు. ఆ రోజు నీ ముక్కు మోగిందో, కాంట్రాక్టరుతో చెప్పి నిన్ను గేటు దగ్గర నిలబెట్టిస్తాను."

గేటంటే పొద్దంతా ఎండలో నిలబడటం. పోచయ్య మోకాళ్లు ఎప్పుడో అరిగిపోయాయి. లైబ్రరీలో అతనికొక స్టూలుంది. ఆ స్టూలు మీదే అతని ఉద్యోగమంతా నిలబడి ఉంది.

ఆ సాయంత్రం తార్నాకలో ఒక మందుల షాపుకు పోయి, "తుమ్ములు ఆగాలె బిడ్డా" అన్నాడు. కౌంటరులోని మనిషి ఎలర్జీకని కొన్ని, జలుబుకని కొన్ని, షీట్ల నుంచి కత్తిరించి కాగితంలో చుట్టి ఇచ్చాడు. పొద్దున్నే రెండూ కలిపి వేసుకోమన్నాడు. వాటి పేర్లేమిటో పోచయ్య అడగలేదు.

తుమ్ములు ఆగాయి. వాటితో పాటు పోచయ్యా ఆగిపోయాడు. స్టూలు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే నోరు తెరిచి నిద్రపోయేవాడు. ఒకరోజు శ్రావణ్ పుస్తకాలకు అంటించే చీటీ ఒకటి దారం కట్టి అతని మెడలో వేశాడు. 'రిఫరెన్స్ ప్రతి. బయటకు ఇవ్వబడదు.' ఫొటోలు తీసి గ్రూపులో పెట్టారు. లేచాక పోచయ్య ఆ చీటీతోనే టీ కొట్టు దాకా నడిచాడు. అక్కడివాళ్లు దాన్ని పైకి చదివి మరీ నవ్వారు.

మరో వారానికి నిచ్చెన మీంచి జారి మోచెయ్యి చీరుకుంది. "కాకా పొద్దుగాల్నే మందేసిండు" అన్నారెవరో. హెల్త్ సెంటరులో డాక్టర్ విశాలాక్షి కట్టు కడుతూ అతని కాగితం పొట్లం విప్పి చూసింది.

"రెంట్లోనూ ఉన్నది ఒకటే మందు పోచయ్యా. మీకు తెలియకుండానే రెట్టింపు మింగుతున్నారు. దీంతో నిచ్చెన ఎక్కితే మోచేత్తో పోయింది, సంతోషించండి. మూత్రానికి కష్టమవుతోందా?"

పోచయ్య తల వంచుకునే ఊపాడు.

"అదీ దీని పనే. మీ వయసులో ఈ పాత రకం వద్దు. ఇంకోటి రాస్తాను, అంత మత్తుండదు. రోజుకొకటే. వేరే జలుబు గోలీలేవీ కలపకండి. కల్లూ సారా ముట్టొద్దు. ఇది మీకు ఎట్లా పడుతుందో తెలిసేదాకా నిచ్చెన ఎక్కకండి. దుమ్ము దులిపేటప్పుడు మాస్కు పెట్టుకోండి. మాత్ర నీళ్లతోనే మింగాలి, పండ్లరసంతో వద్దు, సరిగా ఒంటబట్టదు."

ఆ చివరి మాట దగ్గర పోచయ్య గడ్డం గుండెల మీదికి వాలిపోయింది. పొద్దున వేసుకున్నవాటి మత్తు ఇంకా దిగలేదు.

కొత్త గోలీ పని చేసింది. తుమ్ములు తగ్గాయి, నిద్రా రాలేదు. శ్రావణ్‌కు లెక్కపెట్టడానికి ఏమీ మిగల్లేదు. పోచయ్య మాస్కు అడిగితే శ్రీనివాసరావు, "ఆపరేషన్ చేస్తున్నావా?" అన్నాడు.

తనిఖీ రోజు వచ్చింది. పోచయ్య భార్య కొమురమ్మ తార్నాకలో ఒక లేడీస్ హాస్టల్లో చపాతీలు చేస్తుంది. లాలాగూడ నుంచి ఇద్దరూ కలిసే నడిచి వస్తారు. ఆరోజు ఆమె జ్యూస్ బండి దగ్గర ఆగింది.

"పెద్దోళ్లొస్తున్నరంటివి, మొఖం చూస్తే పీక్కపోయున్నది. బత్తాయి తాగు."

"గోలీ ఏసుకోవాలె ఇంక."

"దీంతోనే మింగు. నీళ్లల్ల ఏం బలముంటది?"

గిలాసంతా తాగేదాకా ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు.

తనిఖీ వాళ్లు వచ్చే ముందు శ్రీనివాసరావు అన్నిటికన్నా పై అర దులిపించాడు. ఏళ్లనాటి దుమ్ము పోచయ్య మొహం మీదే పడింది. వాళ్లు గుమ్మంలోకి అడుగు పెడుతుండగా మొదటి తుమ్ము వచ్చింది. శ్రావణ్ బల్ల మీద ఒక వేలు లేపాడు. తర్వాత రెండు. తర్వాత గదిలో ఎన్ని చేతులున్నాయో అన్నీ లేచాయి, చప్పుడు లేకుండా. వచ్చిన పెద్దమనిషి జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"పాత మనిషి సార్. మార్చేస్తున్నాం" అన్నాడు శ్రీనివాసరావు.

మర్నాటి నుంచి పోచయ్య గేటు దగ్గర నిలబడ్డాడు. అక్కడ ఒక్క తుమ్మూ రాలేదు. ఒక సాయంత్రం విశాలాక్షి స్కూటర్ ఆపి ఏమైందని అడిగింది. బత్తాయి రసం సంగతితో సహా అంతా చెప్పాడు.

"రసంతో వద్దన్నాను కదా" అంది ఆమె. అతని మొహం చూసి మళ్లీ, "అది కొంతే లెండి. మాస్కు లేకుండా అంత దుమ్ములో ఏ గోలీ నిలబడుతుంది? అసలు తప్పు అదీ" అంది.

ఆరోజు కొమురమ్మ జ్యూస్ బండి దగ్గర అతని కోసం చూస్తోంది. అప్పటికే గిలాస పోయించి పట్టుకుంది.

"కాళ్లు వాచిపోయినయి నీయి. తాగు."

ఇన్‌చార్జికి, పిల్లలకు, టీ కొట్టు వాళ్లకు, ఎవరికీ ఎన్నడూ ఎదురు చెప్పని మనిషి నోరు తెరిచాడు.

"నీ జ్యూసే నన్ను గేటుకాడ పడేసింది. దాంతోని ఏసుకుంటె గోలీ ఒంటికి పట్టదంట. డాక్టరమ్మ చెప్పింది."

కొమురమ్మ చాచిన గిలాస వెనక్కి తీసుకుంది.

"దుమ్ము దులిపిచ్చిన్రంటివి గద? మాస్కు గూడ ఇయ్యలేదంటివి?"

"దుమ్ము గాదు. నీ జ్యూసే."

మోకాళ్ల నొప్పి ఆ కాస్సేపు అతనికి తెలియలేదు. ముందు నడిచాడు. ఆమె గిలాస తాగనూ లేక, బండివాడికి తిరిగి ఇవ్వనూ లేక, పట్టుకుని అక్కడే నిలబడింది.