లెక్కకు రాని నెత్తురు

కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన మేడవీధి, దిబ్బవీధి అని రెండు వీధులు. అవి కలిసే మూలన నీలకంఠం ఇల్లు. వాకిలి మేడవీధికి, పెరటి గుమ్మం దిబ్బవీధికి. పండగ చందాకి రెండు వీధులవాళ్లూ వచ్చేవారు. పెత్తనానికి ఏ వీధీ పిలిచేది కాదు.

ఆయన ఆస్తి రెండే. పదిహేడేళ్లు మిలిటరీలో వంట చేస్తే వచ్చిన పింఛను ఒకటి, కుడి కనుబొమ్మ మీద చింతగింజంత మచ్చ ఒకటి. మచ్చే పెద్ద ఆస్తి.

సాయంత్రం అరుగు మీద కూర్చున్నాడంటే హిమాచల్ కొండలు కంచరపాలెం దిగి వచ్చేవి. అక్కడ సిమెంటు లేకుండా కర్రా రాయీ వరసలుగా పేర్చి ఇళ్లు కడతారట, భూకంపం వస్తే ఊగి మళ్లీ నిలబడతాయట. దసరాకి ఊరూరి దేవుళ్లు పల్లకీలెక్కి చుట్టపుచూపుగా ఒకచోటికి చేరతారట. వెనకటికి కొన్ని లోయల్లో అన్నదమ్ములంతా కలిసి ఒకే పిల్లను పెళ్లాడేవారట.

లోపల చేపలు తోముతున్న సన్యాసమ్మ అందుకునేది. "ఒక్క మొగుడి సోది ఇనలేకే సత్తన్నాను. నలుగురైతే ఏటైపోదునో!"

జనం ఎదురుచూసేది మాత్రం రాళ్ల పండగ కోసం. సిమ్లాకి దగ్గర్లో ఒక ఊళ్లో, దీపావళి మర్నాడు, రెండు జట్లు ఎదురెదురుగా నిలబడి రాళ్లు విసురుకుంటారు. పూర్వపు నరబలికి బదులుగా వచ్చిన ఆచారమని చెబుతారు. ఇంతవరకు నిజమే. ఇక్కడినుంచే నీలకంఠం వంట మొదలు.

"హవల్దార్ సాబ్, మా పక్కన నిలబడండని కాళ్లట్టుకున్నారు. నలబై మంది పడిపోనారు. నాను పడలేదు" అని మచ్చ తడుముకునేవాడు. వంటవాణ్ణి హవల్దారని ఎవరు పిలిచారని ఎవరూ అడగలేదు.

1996 ఎండాకాలంలో అమ్మవారి పండగ వచ్చింది. అమ్మవారి పేర ఊరేగే కుండని ఘటం అంటారు. ఏ వీధి ఘటం ముందు నడవాలన్నది ఏటా తగవే. ఏటా రెండు తిట్లతో, నాలుగు తోపులాటలతో తేలిపోయేది. ఆ ఏడు దిబ్బవీధి కుర్రాళ్లకు పెద్దయిన దొరబాబు అరుగు దగ్గరకొచ్చాడు.

"మావా, మీ కొండోళ్లలాగే రాళ్లతో తేల్చేసుకుంటాం. నువ్వే మజ్జెస్తం సెయ్యాల. ఎప్పుడాపాలో సెప్పు."

జన్మలో మొదటిసారి నీలకంఠాన్ని ఎవరో పెద్దమనిషిని చేశారు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. వెనక్కి వెళ్లిపోయింది.

"ఒక ఈది పారిపోయేదాకా ఆపకూడదు" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం పట్టాల పక్క ఖాళీ జాగాలో చేరారు. రాళ్లకి కరువా! పట్టాల కింద కంకర గుప్పెడంతేసి ముక్కలు, మూల మూలా కత్తిలా ఉంటాయి. మొదటి రాయి ఎవరి వీపునో తాకి చప్పుడు చేసింది. అందరూ నవ్వారు. రెండోది ఒకడి మోకాలు పగలగొట్టింది. నవ్వు ఆగింది. తర్వాత గాలిలో రాళ్లే. దవడ పట్టుకుని ఒకడు కూలబడ్డాడు, ఇంకొకడి చెవి చీలి భుజం మీదికి నెత్తురు కారింది. ఇనుపఖనిజం మోసుకుంటూ గూడ్సు బండి కూత వేసుకుపోతోంది. ఆ మోతలో ఎవరి కేకా ఎవరికీ వినబడలేదు.

అప్పుడే అశోక్ పడ్డాడు. సన్యాసమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, పోర్టులో కలాసీ, అక్క దగ్గరే ఉంటాడు. మేడవీధి జట్టులో ముందు నిలబడ్డాడు. రాయి ఎడమ కంటి మీద తగిలింది. రెండు చేతులతో మొహం మూసుకుంటే వేళ్ల సందుల్లోంచి నెత్తురు. పడ్డవాడి చుట్టూ రాళ్లు పడుతూనే ఉన్నాయి. ఒకటి వాడి పక్కటెముకల్లో తగిలి ఎగిరింది.

నీలకంఠం పంచె ఎగగట్టి మధ్యలోకి పరిగెత్తాడు. వాడి మీద బోర్లా వంగి అరిచాడు.

"ఆపండ్రా! రగతం సూసేసేం! అయిపోనాది!"

"నీ బామ్మరిది పడ్డాడని మాట మారుత్తన్నావేటి మావా!" దొరబాబు చెయ్యి మళ్లీ లేచింది. "పారిపోయేదాకా అన్నది నువ్వే కదా!"

"అబద్దం ఆడేనురా! అక్కడ మొదటి సుక్కకే ఆపేత్తారు! ఆ రగతంతో అమ్మోరికి బొట్టెట్టి కౌగిలించుకుంటారు! నాను జట్టులో లేను! జిలేబీలు కొనుక్కుంటంటే తగిలింది! నువ్వు పరాయోడివి, నీ రగతం లెక్కకి రాదని నన్ను పక్కకి లాగేసి మళ్లీ మొదలెట్టేరు!"

మేడవీధి వైపు ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరి చేతిలోదో ఒక రాయి కిందికి జారింది. ఆ వెనకే, ఆపుకోలేక ఎవడో వదిలిన రాయి వచ్చి నీలకంఠం నుదురు చీల్చింది. పాత మచ్చకు బెత్తెడు దూరంలో. అయినా ఆయన అశోక్ మీదినుంచి లేవలేదు.

ఘటం ఎత్తే ముసలి పోతమ్మ కర్ర ఊపుకుంటూ రాళ్ల మధ్యనుంచి నడిచొచ్చింది. నీలకంఠం నుదుటి నెత్తురు వేలితో తీసి దొరబాబు మొహం ముందు పెట్టింది.

"ఈడు మనోడా, పరాయోడా? సెప్పు!"

దొరబాబు ఆ వేలిని చూశాడు. నీలకంఠం కింద కదలకుండా పడున్న అశోక్‌ని చూశాడు. చేతిలో రాయి ఇంకా ఉంది.

"మనోడే" అన్నాడు చివరికి.

"మనోడే!" అని మేడవీధి వాళ్లూ అన్నారు. అన్నేళ్లలో ఆ ఇంటిని రెండు వీధులూ తమదన్నది ఆ రోజే.

"అయితే లెక్కకొచ్చినట్టే. రాళ్లు పారేయండి. ఆటో పిలవండి" అంది పోతమ్మ.

అశోక్‌ని ఆటోలోకి ఎత్తిన నాలుగు చేతుల్లో రెండు దొరబాబువి. పెద్దాసుపత్రిలో ప్రాణం దక్కింది. ఎడమ కన్ను మసకగానే ఉండిపోయింది. పోర్టులో క్రేను కింద నిలబడలేక, గోపాలపట్నంలో సైకిలు షాపు పెట్టుకున్నాడు. బావను ఒక్క మాట అనలేదు. అది నీలకంఠానికి రాయి కన్నా గట్టిగా తగిలింది.

అరుగు ఖాళీ అయింది. వీధి పిల్లలు "జిలేబీ సాబ్" అని అరిచి పారిపోయేవారు. సన్యాసమ్మ మూడు నెలలు కంచం పెట్టింది, మాట పెట్టలేదు. ఒక మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ, మొగుడి మొహం చూడకుండానే అడిగింది.

"ఆ జిలేబీలు తిన్నావా?"

"లేదే. బురదలో పడిపోనాయి."

సన్యాసమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది. ఆపైన అశోక్ కోసం తీసిపెట్టిన చేప ముక్కల్లోంచి ఒకటి తెచ్చి ఆయన కంచంలో వేసింది.