కొమురెల్లన్న డబ్బా

తెలంగాణ ఉద్యమ సభలల్ల నేను పాడే ధూంధాం బృందంల బాస్ గిటార్ వాయించే కొమురెల్లన్నది కొడకండ్ల. హైదరాబాద్‌ల ఏ సభకు పోయినా సిటీబస్సే మాకు దిక్కు. పెద్ద ఆంప్లిఫైయర్‌ను కండక్టర్ ఎక్కనియ్యడు. అందుకే 2010ల, ఒళ్లె పెట్టుకునేటంత చిన్న డబ్బా కొందామని నన్ను ఎంటవెట్టుకొని దుకాణానికి పోయిండు.

బాస్‌ను చెవుతోటి కాదు, ఈపుతోటి ఇనాలె అనేటోడు. దుకాణంల డబ్బాకు ఈపు ఆనించి కూసొని తీగ మీటిండు.

"ఎన్నుపూస అదురుతాంది చెల్లె, గిదే కావాలె" అన్నడు.

నాలుగు గోడల నడుమ మోగింది మైదానంల మోగుతదా అని ఆయనకు తట్టలే, నాకూ తట్టలే.

మైదానంల అది సచ్చిపోయింది. సభోళ్లు ఇచ్చిన రెండు మైకులు పాటకే సరి. డప్పుల కింద, నినాదాల కింద ఆయన వాయించింది ఒక్క ముక్క ఇనరాలే. ఆయన మాత్రం డబ్బాకు ఈపు ఆనించి, కండ్లు మూసుకొని వాయించిండు. స్టేజీ దిగంగనే అడిగిండు.

"మోగిందా చెల్లె?"

"మోగిందే అన్నా" అని చెప్పిన. నాలుగేండ్లు, ప్రతి సభల గదే అబద్ధం. నా నోట్లె మన్నువడ!

తెలంగాణ వచ్చినంక ఎవరో పాత సభ వీడియో పంపిండ్రు. కొమురెల్లన్న నా పక్కన కూసొని ఫోన్ల సూసిండు. నా గొంతు ఉంది, డప్పులున్నయి. తీగల మీద ఆయన ఏళ్లు ఉరుకుతున్నయి గని, సప్పుడు లేదు.

"ఫోన్ల బాస్ రాదు అన్నా" అని మళ్ల అబద్ధమాడవోయిన.

ఆయన వీడియో మొదటినుంచి పెట్టి, చెయ్యి ఎనుకకు మలిపి, ఫోన్‌ను ఈపుకు ఆనించుకున్నడు.