మూన్ గార్డెన్‌లో ఆనపపాదు

జగ్గారావుది పెంటపాడు. మొక్కతో మాట్లాడినంత ఓపిగ్గా మనిషితో మాట్లాడడని పేరు. యాభై ఎనిమిదో ఏట అతనికి దొరికిన పని, కలిదిండి దగ్గర ఓ చేపల చెరువుగట్టు మీద వెన్నెల పండించడం.

చెరువుల యజమాని గోపీనాథ్ గారు గట్టు మీద గెస్ట్‌హౌస్ కట్టారు. ఫోన్‌లో ఏదో చూసి ముందు 'మూన్ గార్డెన్' అని బోర్డు పెట్టించి, తోట సంగతి తరవాత ఆలోచించారు. ఇనప పందిరి, దానిమీద రాత్రిపూట తెల్లగా విచ్చుకునే తీగలు కావాలన్నారు. ఆశ్వయుజ పున్నమికి విందు. కార్తీకంలో పెడితే సగంమంది చేప ముట్టరు మరి. ఆ రోజుకి పందిరి తెల్లబడితే జగ్గారావుకి ఉద్యోగం ఖాయం. లేకపోతే ప్లాస్టిక్ పూలొస్తాయి, అతను పోతాడు.

"రాధామనోహరం వెయ్యనాండీ? రాత్రికి తెల్లగా విచ్చుకుంటుందండి."

"తెల్లారితే?"

"గులాబీ రంగు, ఆనక ఎరుపండి."

"పూటకో రంగు మార్చేవాళ్ళు మా వ్యాపారంలో చాలామందున్నారయ్యా. తోటలో కూడా ఎందుకు?"

రేరాణి వాసనకి పాములొస్తాయని గోపీనాథ్ గారి తల్లి వెంకటనరసమ్మ గారు కొట్టిపారేశారు. పాములు ఆ గట్టుకి కొత్తగా రానక్కర్లేదనీ, గెస్ట్‌హౌస్ కంటే ముందునుంచీ అక్కడే కాపురమున్నాయనీ జగ్గారావు అనలేదు. చివరికి సన్నజాజీ, విరజాజీ నెగ్గాయి. అక్కడిది ఉప్పునేల కాబట్టి తాడేపల్లిగూడెం వైపునుంచి మంచి మట్టి తోలించి, ఏపుగా పెరిగిన తీగలే తెచ్చి నాటాడు.

వానలు పడగానే పందిరంతా మొగ్గ తొడిగింది. చీకటి పడేసరికి మాత్రం ఆకులే మిగిలేవి. రోజూ మూడింటికల్లా వెంకటనరసమ్మ గారు పూలసజ్జతో వచ్చి, అందినంత మేరా మొగ్గలు కోసేవారు. అందనివి స్టూలెక్కి కోడలు గాయత్రి కోసేది. విచ్చాక కోస్తే దండ నిలవదు కదా! జాజి తీగకి పూస్తుందని మనవాళ్ళందరికీ తెలుసు, తీగ మీద పూసిన జాజిని చూసినవాళ్ళే తక్కువ.

"అమ్మగారూ, పున్నమిదాకా ఓపిక పడితేనండీ..."

"దేవుడి మెళ్ళో దండకంటే నీ చంద్రుడెక్కువా?"

గోపీనాథ్ గారు శనివారం శనివారం వచ్చి పచ్చటి పందిరి చూసి, "నీ చెయ్యి మంచిది కాదయ్యా" అని వెళ్ళేవారు. కొడుక్కి తల్లి మీద చాడీ చెప్పి బతికి బట్టకట్టిన తోటమాలి లేడు. జగ్గారావు తలొంచుకుని ఆలోచించాడు. మనవాళ్ళు కొయ్యని పువ్వేది? కూర కాసే పువ్వు.

శ్రావణం రాగానే పందిరి నాలుగు కాళ్ళ దగ్గరా ఆనపగింజలు పెట్టాడు. వెంకటనరసమ్మ గారు చూశారు. మర్నాటినుంచి సజ్జ బదులు పెంటఎరువు మోయించారు. పందిరి దరిదాపులకి ఎవర్నీ రానివ్వలేదు. జాజుల్ని కూడా ఆనపతీగే కప్పేసింది. పొద్దు వాలేసరికి అరచేతులంత తెల్లటి పూలు ఆకుల పైకి తలెత్తి విచ్చుకునేవి.

విందు ముందురోజు గోపీనాథ్ గారు వచ్చి చూసి, ఆకు తడిమి నిర్ఘాంతపోయారు.

"ఏవయ్యా, ఇది మా నాన్న పెంటకుప్ప మీదకి పాకించిన పాదు కాదూ?"

"అదేనండి."

ఇప్పుడింక మార్చే వ్యవధి లేదు. "ఎవరడిగినా థాయిలాండ్ తీగని చెప్పు. పేరు బయటపడిందా, నువ్వూ పాదూ ఒకేరోజు బయటికి!"

పున్నమి చంద్రుడు చెరువు మీదికొచ్చాడు. హైదరాబాదు వ్యాపారులు ప్లేట్లు పట్టుకుని పందిరి కింద నోళ్ళు తెరిచారు. "థాయిలాండ్‌దండీ, విమానంలో తెప్పించాం" అన్నారు గోపీనాథ్ గారు. ఒకాయన ముచ్చటపడి, "అదిగో, ఆ పువ్వు కింద నూగుగా ఉందే, అదేంటి?" అని వేలు చూపించాడు.

"వేలు చూపించకు నాయనా! పిందె కుళ్ళిపోతుంది!" వరండాలోంచి వెంకటనరసమ్మ గారి కేక. "అంతగా చూపించాలంటే వేలు మడిచి చూపించు. బంగారంలాంటి ఆనపపిందె!"

ఎవరో నవ్వారు, ఆనక అందరూ నవ్వారు. గోపీనాథ్ గారు కూడా నవ్వక తప్పలేదు. అతిథుల కార్లు వెళ్ళాక ఆ నవ్వు పోయింది.

"తెల్లారేసరికి పీకెయ్. పీకేసి నువ్వూ వెళ్ళు."

"పిందె పట్టిన పాదు పీకిస్తావుట్రా? వంశానికి మంచిదేనా?" అన్నారు తల్లి. "ఆ పాదున్నంతకాలం వాడూ ఉంటాడు."

జగ్గారావుకి ఉద్యోగం ఖాయమైంది. ఆ హైదరాబాదు పెద్దమనిషి మళ్ళీ వచ్చినప్పుడు కారులో రెండు కాయలు పెట్టించుకుని వెళ్ళాడు. బోర్డు ఇంకా ఉంది. పాదు ముదిరిపోకముందే జగ్గారావు దాని పక్కన గుట్టుగా మరో నాలుగు గింజలు నాటాడు.