విశ్రాంతమ్మను ఎవరూ అడగలేదు

దమ్మపేట దగ్గరి మా ఊరికి కరెంటు తెచ్చింది నేను. వాగు మీద చప్టా కట్టించింది నేను. రెండుసార్లు సర్పంచిగా చేసి, మూడోసారి ఎదురు నిలిచేవాడు లేకపోయినా నేనే వద్దన్నాను. ఊళ్లో డాక్టరు లేడని గుంటూరు దాకా పోయి, వెంకటరామారావు అనే డాక్టరును ఒప్పించి తీసుకొచ్చి, నా ధాన్యం కొట్టు ఖాళీ చేసి ప్రైవేటు దవాఖానా పెట్టించిందీ నేనే. విశ్రాంతమ్మ కథ చెప్పాలంటే అక్కడి నుంచే చెప్పాలి.

విశ్రాంతమ్మ మిరపకోత కూలీల మేస్త్రి. ఆమె సరేననందే ముఠా చేలో దిగదు. రైతులం మేమే ఆమె గుమ్మం దగ్గరికి పోయి బతిమాలేవాళ్లం. దవాఖానా తెరిచిన రోజు, ఆమె చేత్తో బోణీ అయితే కలిసొస్తుందని, మొదటి రోగిగా ఆమెనే కూర్చోబెట్టాను. డాక్టరు ఆమెను “మా బోణీ అక్క” అనేవాడు. ఆమెకు ఒక్కతే కూతురు. ఇంకొక బిడ్డ కావాలని ప్రతి ఆదివారం చర్చిలో ప్రార్థన చేయించేది.

తొంభై నాలుగులో, కడుపులో గడ్డ ఉందని డాక్టరు ఆపరేషన్ చేశాడు. తర్వాత ఆమెకు నెలసరి ఆగిపోయింది. “బలహీనత అక్కా, టానిక్కు తాగు” అన్నాడు. ఏడాదికి పైగా తాగింది. చివరకు ఖమ్మంలో ఒక లేడీ డాక్టరు స్కాన్ చూసి, “గర్భసంచి తీసేశారు కదమ్మా, నీకు తెలియదా?” అంది.

బస్సు దిగి తిన్నగా మా ఇంటికే వచ్చింది.

“పెద్దయ్యా, నువ్వు తెచ్చిన డాక్టరే గద. నాకు చెప్పకుండ ఎట్ల తీసిండు? పైసలు నాకొద్దు. ఎవర్నడిగి తీసిండో నలుగుర్ల చెప్పాలె.”

డబ్బు తీసుకుని వైద్యం చేసే డాక్టర్లకూ వినియోగదారుల చట్టం వర్తిస్తుందని అప్పుడే సుప్రీంకోర్టు చెప్పింది. నా చదువు ఐదో తరగతే అయినా పేపరు చివరి అక్షరం దాకా చదువుతాను. ఖమ్మం వినియోగదారుల ఫోరంలో కేసు వేయించాను.

విచారణ రోజు డాక్టరు నన్ను పలకరించనైనా లేదు. ఆయన తరఫు సాక్షిగా లేచింది ఎవరనుకున్నారు? ఇన్నయ్య, విశ్రాంతమ్మ మొగుడు. పొద్దున మాతోనే బస్సెక్కి, దిగాక ఆమెకు టీ ఇప్పించిన మనిషి!

“డాక్టరు నన్నడిగిండు సార్. సంచి పాడైంది, తీయాలె అన్నడు. నేను సరే అన్న. చెప్తే ఏడుస్తది, చెప్పకు అన్నడు.”

“ఏందయ్యా! దినాం నీ చేత్తోనే టానిక్కు పోసిస్తివి గద!” అని విశ్రాంతమ్మ కేక వేసింది.

ఫోరం అధ్యక్షుడు డాక్టరు వైపు తిరిగాడు. “ఈయన్ను అడిగినప్పుడు ఆమెకు స్పృహ ఉందా?”

“ఉందండీ. మంచం మీద కూర్చునే ఉంది.”

“మరి ఆమెనే అడగొచ్చు కదా?”

“భర్త ఒప్పుకున్నాక ఇంకేముందండీ!”

అధ్యక్షుడు విశ్రాంతమ్మ వైపు చూశాడు. “అమ్మా, నీ భర్తే అటు సాక్షి. కేసు నడుపుతావా?” అన్నాడు.

“నడుపుతుందండీ” అని నేను లేచాను.

“నువ్వు కూసో పెద్దయ్యా. సారు నన్నడిగిండు” అంది విశ్రాంతమ్మ. అధ్యక్షుడికి దణ్ణం పెట్టింది. “నడుపుత సార్. డాక్టరు సంగతి మీరు చూడుండ్రి. ఈయన సంగతి నేను చూస్కుంట.”

ఆమెను అడగకపోవడం తప్పేనని తర్వాత తీర్పు వచ్చింది. విచారణ రోజు సాయంత్రం మాత్రం ఇన్నయ్య ఎప్పటిలాగే బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి ఆమెకు సీటు ఆపాడు. ఆమె ఆ తువ్వాలు తీసి అతని ఒళ్లో పడేసి, ముందుకు పోయి ఆడవాళ్ల మధ్య ఇరుక్కుని కూర్చుంది.