తవుడు ఎవరిది

మా తమ్ముడి కూతురు కాలేజీలో చరిత్ర చదువుతోంది. మొన్న పరీక్షకని గట్టిగా చదువుకుంటూ, వర్తకమూ మతమూ యంత్రాలూ కలిసి ప్రపంచాన్ని ఎలా మార్చాయో ఒక అధ్యాయమంతా వల్లించింది. సముద్రాల మీద ఓడలు, ఎడారుల్లో ఒంటెల బిడారులు, అచ్చు యంత్రాలు, ఆవిరి యంత్రాలు, అన్నీ వచ్చాయి గానీ అందులో ఒక్క ఆడమనిషీ, ఒక్క పాడిగొడ్డూ కనబడలేదు. నేనూ ఆ చరిత్రే చదివి బి.ఏ. పాసయినదాన్ని కనుక ఊరుకోలేక, ఆ మూడూ ఎలా తగువులాడుకుంటాయో చూడాలంటే అంత దూరం పోనక్కరలేదే, చంద్రగిరిలో మా ఇంటి పంచలోనే చూశాను అన్నాను. అది నవ్వింది. నవ్వితే నవ్వనీ, ఆ రోజుల్లో పెరిగిన మీకైతే అర్థమవుతుంది.

యుద్ధం ముగిసిన కొత్తలో సంగతి ఇది. నాకప్పుడు పదేళ్లో పదకొండో. మా నాయన ధాన్యం వ్యాపారి. నాయన తల్లి, అంటే మా అవ్వ, పుట్టింటి నుంచి తెచ్చుకున్న వరి కయ్య ఒకటి చెరువు కింద ఉండేది. దాని మీద పండినదాంట్లోంచి మా వీధి గుడికి రోజూ నైవేద్యపు బియ్యం పంపడం ఆమె పెట్టుకున్న నియమం. ఆ బియ్యమూ, మేము తినే బియ్యమూ మా పంచలోని రోట్లో దంచినవే. దంచడానికి వచ్చే ఆమె మాకు వరసకు ఏమీ కాకపోయినా అత్తా అని పిలిచేవాళ్లం. మొగుడు కోలారు గనులకు పోయి అక్కడే ఇంకో కాపురం పెట్టుకున్నాడని అందరికీ తెలుసు, ఆమె ముందు మాత్రం ఎవరూ అనరు. దంచినందుకు డబ్బు ఇచ్చే వాడుక లేదు. నూకల్లో సగమూ, తవుడంతా ఆమెవి. ఆ తవుడు తిని ఆమె ఎనుము, ఉన్న ఒక్క గేదె, పాలిచ్చేది, ఆ పాలు బజారులోని కాఫీ హోటలుకు పోసి ఆమె ఇల్లు నడుపుకునేది. అంటే ఆ ఇంటికి ఆధారం తవుడే.

దంపుడు బియ్యం రుచి గురించి ఈమధ్య పత్రికల్లో పేజీలకు పేజీలు రాస్తున్న మగవాళ్లలో ఒక్కడన్నా రోకలి ఎత్తి చూశాడా అని నా అనుమానం. అత్త అరచేతులు కాయలు కాచి, పట్టుకుంటే గుచ్చుకునేవి.

నాయన బియ్యపు మిల్లు పెట్టాడు. ఇంజను మద్రాసు నుంచి రేణిగుంట దాకా రైల్లో, అక్కడి నుంచి ఎద్దులబండి మీద వచ్చింది. చక్రానికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి, టెంకాయ కొట్టాక గానీ దాన్ని తిప్పలేదు. ఊరంతా వచ్చి చూసింది. అత్త కూడా వచ్చి, కాసేపు నిలబడి వెళ్లిపోయింది.

మరునాడే అవ్వ ఒక మాట అంది. ఇంజను నుంచి మిల్లుకు తిరిగే బెల్టు తోలుది. తోలు తిప్పితే ఆడిన బియ్యం దేవుడికి ఎలా పెడతారు? నాయన మొదట నవ్వాడు. పూజారి నవ్వలేదు, అవ్వ అన్నది నిజమే అన్నాడు. దాంతో పండగకూ పబ్బానికీ మడి కట్టుకునే ఇళ్లన్నీ మిల్లుకు వడ్లు పంపడం మానేశాయి. గుడిలో మోగే మృదంగానికీ డోలుకూ కట్టింది తోలు కాదా అని ఇప్పుడైతే నేను అడిగి ఉందును. అప్పుడు ఎవరికీ తోచలేదు, తోచినా అవ్వను అడిగే ధైర్యం ఎవరికుంది!

నాయన వ్యాపారి. శాస్త్రంతో వాదించే పని పెట్టుకోకుండా మద్రాసుకు మనిషిని పంపి, నూలుతో దిట్టంగా నేసిన బెల్టు తెప్పించాడు. పూజారిని పిలిచి తడిమి చూడమన్నాడు. పూజారి వేళ్లతో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, గుడ్డే అని ఒప్పుకున్నాడు. గుడికి ఒక పెట్రోమాక్సు దీపం కూడా అదే వారంలో వచ్చింది, ఆ రెండింటికీ సంబంధం లేదని నాయన చచ్చేదాకా చెప్పాడు.

ఇక మా వడ్లూ మిల్లుకే పోతాయని తెలిసి, ఆ సాయంత్రం అత్త మా పంచలో కూలబడింది. అవ్వ ఆమెను ఓదారుస్తూ, రోకలి చేసే పని ఆ దయ్యం చెయ్యలేదులే అంది. అత్తకు ఒళ్లు మండింది.

“దంచేదానికి నాకేమన్నా ముచ్చటా పెద్దమ్మా? బుజాలు రెండూ పడిపోతాండాయి. మిషనొచ్చింది, మంచిదే. ఆ తవుడు లేకుంటే నా ఎనుము ఏం తినాల? అది సెప్పు.”

అవ్వ తోలు మాట ఎత్తింది దేవుడి కోసమా, అత్త కోసమా అని మా తమ్ముడూ నేనూ ఇప్పటికీ వాదించుకుంటాం. దేవుడి కోసమే అంటాడు వాడు. ఆమెకు ఆ రెండూ వేరని తెలియదని నేనంటాను.

మరునాడు పొద్దున అవ్వ మిల్లుకు వెళ్లింది. ఆమె వెనకాలే నేనూ వెళ్లాను. పొట్టు ఎగురుతున్న ఆ షెడ్డులో, ఇంజను ఆపించి మరీ, పనివాళ్లందరి ముందర కొడుకును నిలదీసింది.

“ఏమిరా, నీ మిషను తవుడు తింటాదా?”

“తినదు లేమ్మా. యాడైనా మిల్లులో ఆడిన తవుడు మిల్లుదే. అది అమ్మితేనే ఇంజనుకు ఆయిలు.”

“దానికి ఆయిలు పోస్తాండావు కదా, అది దాని కూలి. మళ్లా తవుడెందుకురా దానికి? ఎనుముండాదా దానికి?”

పనివాళ్లు నవ్వారు. నాయన మొహం ఎర్రబడింది.

“ఊరు నవ్వతాది, ఇంటికి పామ్మా.”

“నవ్వనీ. నా కయ్యలో వడ్లు, నేను పెట్టే నైవేద్యం. తవుడు ఆ దంచేదానికియ్యకుంటే ఒక్క గింజ నీ మిల్లు తొక్కదు. దేవుడు తినని మిల్లుకు ఊళ్లో ఎవరొస్తారో సూస్తా.”

నాయనకు లెక్క వెంటనే అర్థమైంది. దేవుడి బియ్యం అక్కడ ఆడుతుందన్న పేరు మీదే మడి ఇళ్లన్నీ మిల్లుకు తిరిగి రావాలి. మా ఇంటివీ గుడివీ వడ్లు ఎప్పుడు ఆడినా తవుడంతా అత్తకే అని అప్పటికప్పుడు ఒప్పుకున్నాడు. అత్త రోకలి మూల పెట్టి, తట్టతో మిల్లుకు వచ్చి తవుడు ఎత్తుకుపోయేది. బుజాల నొప్పులు తగ్గాయని, ఇంజను మంచిదని అందరితో చెప్పేది. అవ్వ ఉన్నన్నాళ్లూ ఆ ఏర్పాటు చెడలేదు.

నేను తిరుపతిలో కాలేజీ చదువుతుండగా అవ్వ పోయింది. కయ్య నాయన పేరుకు మారింది. ఆ సరికి తవుడు కొనడానికి బెంగుళూరు నుంచి లారీలు రావడం మొదలైంది. అత్త తట్టతో వస్తే ఇవాళ లేదన్నారు, తర్వాత రేపు కూడా లేదన్నారు, ఆ తర్వాత ఆమే రావడం మానేసింది. నేను సెలవులకు వచ్చేసరికి ఎనుమును అమ్మేసి, మా మిల్లు కళ్లంలోనే ఉప్పుడు వడ్లు ఎండబెట్టే కూలికి వస్తోంది.

నాయనతో పోట్లాడాను. పారిశ్రామిక విప్లవం గురించి కొత్తగా చదువుకున్నదంతా ఆయన మీద కుమ్మరించాను. యంత్రం వచ్చినప్పుడు కూలివాడి వాటా ఎక్కడికి పోతుందో విడమరిచి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, బాగా చదివినావమ్మా అని, నిజంగానే సంతోషపడి, లారీ వచ్చిందని లేచి వెళ్లిపోయాడు. అవ్వ అన్న నాలుగు ముక్కల కంటే నా మాటలు ఎంతో మేలైనవని నాకు ఇప్పటికీ నమ్మకం. కానీ తవుడు ఇవ్వనంటే వడ్లు ఆపెయ్యడానికి నా చేతిలో కయ్యా లేదు, నైవేద్యమూ లేదు.

ఇప్పుడు తవుడు నుంచి కూడా నూనె తీసి డబ్బాల్లో అమ్ముతున్నారు, ఒంటికి మంచిదట. మా మిల్లు ఉన్న చోట లారీలకు టైర్లు అమ్మే కొట్టు ఉంది. గుడికి బియ్యం ఎక్కడి నుంచో బస్తాల్లో వస్తుంది. అది ఏ బెల్టు తిప్పితే ఆడిందని పూజారి అడగడు, అడగనవసరమూ లేదు. ఆ తవుడు ఎవరికి పోయిందని అడిగే హక్కున్న మనిషి మాత్రం, ఆ గుడి చుట్టుపక్కల ఎంత వెతికినా నాకు కనబడలేదు.